చాప పట్టుకొచ్చే ఆర్కిటెక్టు

ఇవాళ మధ్యాహ్నం కరెంటు పోయిందన్న సంగతి నాకు సాయంత్రం మీటింగులో తెలిసింది.

ఇంకొకరికి ఇదేం వార్త కాదు. నన్నెరిగినవాళ్ళకి మాత్రం వార్తే. బాబు పుట్టినప్పటి నుంచి నేను పడుకునేది తక్కువ, వాడు పడుకున్నాడా లేదా అని చూసేది ఎక్కువ. ఫ్యాను చప్పుడు కాస్త మారినా లేచి కూర్చుంటాను. వాడి ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి తగులుతోందో లేదో చూస్తాను. తగిలాక, తగిలింది ఊపిరేనా నా భ్రమా అని మళ్ళీ పెడతాను. మా ఆయన దీనికి నైట్ డ్యూటీ అని పేరు పెట్టారు. ఈ నాలుగు మాటలూ ఆ డ్యూటీలో ఉండగానే, వాడి మంచం పక్కన చిన్న లైటు వేసుకుని రాస్తున్నాను.

అలాంటి నేను, మే నెల మిట్టమధ్యాహ్నం, ఫ్యాను ఆగిపోయిన గదిలో, వాడి పక్కన ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. వాడూ లేవలేదు.

"కరెంటు పోయిందా? ఎప్పుడండీ?" అని మీటింగులో అడిగితే అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో మా అక్క నవ్వు ఒక్కటే తక్కువైంది.

అక్క నా తోడబుట్టినావిడ కాదు. మేముండే ఈ అపార్టుమెంటుకి ప్లాను గీసిన ఆర్కిటెక్టు. వయసు అరవై దాటినా, సైటులో వాచ్‌మన్ దగ్గర్నుంచి బిల్డరు దాకా అందరికీ అక్కే. పేరు ఇక్కడ రాయను. ఆవిడకే ఇష్టం ఉండదు. భవనం ముందు ఆర్కిటెక్టు పేరుతో రాయి పెట్టిస్తామంటే, "నా పేరు చదువుకుంటే ఎవరికన్నా తూక్కం వస్తాదా?" అని కొట్టిపారేశారు. తూక్కం అంటే ఈ పుదుచ్చేరి తమిళంలో నిద్ర. ఆవిడ మాట ఎక్కడ మొదలైనా చివరికి నిద్ర దగ్గరకే వచ్చి ఆగేది.

ముందు ఆ మీటింగు సంగతి చెప్పాలి. మా ఐదంతస్తుల భవనం నడిమధ్యలో కింద నుంచి పైదాకా ఒక ఖాళీ ఉంది. పైన కప్పు లేదు. ప్రతి ఇంటి హాలు నుంచీ పడకగదుల నుంచీ, పైకప్పుకి కాస్త కింద, ఆ ఖాళీలోకి చిన్న కిటికీలు తెరుచుకుంటాయి. ఇళ్ళల్లోని వేడిగాలి ఆ కిటికీల్లోంచి బయటపడి, ఖాళీలోంచి పైకి పోతుంది. అది పోయిన చోటికి తూర్పు కిటికీల నుంచి సముద్రం గాలి వస్తుంది. ప్లానులో దాని పేరు షాఫ్టు. అక్క మాత్రం గాలిబాయి అనేవారు, గాలి తోడే బావి అని. ఈ ఏడాది ఆ బావిలో పావురాలు గూళ్ళు పెట్టాయి. రెట్టలు, ఈకలు, వానొస్తే జల్లు. పైన ఫైబర్ రేకు వేసి మూసేద్దామని అసోసియేషన్ నోటీసు అంటించింది. వారం రోజులుగా వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ ఆ నోటీసే చదువుకుంటున్నాను. మా వాడు నెలలు నిండకుండా పుట్టాడు. వేడి తగిలితే ఒళ్ళంతా చెమటకాయలు, ఏసీ వేస్తే ముక్కు దిబ్బడ. ఆ బావి మూతపడితే వాడి వేసవి ఎలా గడుస్తుందో ఊహించడానికి కూడా నాకు ధైర్యం చాల్లేదు. ఆ బావి తరఫున మాట్లాడగలిగిన ఒక్క మనిషి, అక్క, మొన్న మార్గళి నెలలో, అంటే మన ధనుర్మాసంలో, పోయారు.

నేను యానాం పిల్లని. పేరుకి యానాం కూడా పుదుచ్చేరిలో భాగమే అయినా, పెళ్ళయి ఇక్కడికొచ్చిన కొత్తలో నాకిది పరాయి దేశమే. భవనం కట్టకముందే అందులో ఎంత వేడి నిలుస్తుందో, ఎంత కరెంటు కాలుతుందో కంప్యూటర్లో చూసి చెప్పడం నేను చదువుకున్న పని. ఉద్యోగం కోసం రెడ్డియార్‌పాళయంలో హార్డ్‌వేర్ షాపు పైనున్న ఆఫీసుకి వెళ్తే, పొట్టిగా, బూడిదరంగు నూలుచీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కాళ్ళకి కాన్వాస్ బూట్లతో ఒకావిడ కూర్చుని ఉన్నారు. నా సర్టిఫికెట్లు పక్కకి నెట్టారు.

"నిన్న మధ్యానం పండుకున్నావా?"

ఆ ఊళ్ళో, ఆ కుర్చీలోంచి తెలుగు వినపడుతుందని నేననుకోలేదు. "లేదండీ. పగలు నిద్ర నాకు అలవాటు లేదండీ."

"అయితే ఇండ్లు నీకు యాడ తెలుస్తాయి?" అని, కాసేపు నన్నే చూసి, "సరి. లెక్క చూసేదానికి ఒకరు కావాల, పండుకునేదానికి ఒకరు కావాల. పండుకునేది నేను చూసుకుంటా. సోమవారం దా" అన్నారు.

వాళ్ళవి తరతరాలుగా ఇక్కడే పాతుకుపోయిన తెలుగు కుటుంబాలు. ఇంట్లో తెలుగే, దాన్నిండా తమిళమే. అక్కకి తెలుగు అక్షరం మాత్రం రాదు. నా ఫోనులో మా అమ్మ పంపిన మెసేజీ చూసి, "మీ అచ్చరాలు జాంగ్రీ మాదిరి ఉండాయి. చదివేదా, తినేదా?" అన్నారు. నా గోదావరి మాటతీరు ఆవిడకి రోజువారీ వినోదం. నేను ఏదైనా వివరిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టేవారు. "ఉండు యానాం పిల్లా. అండి, అండి అని ఏంది, గోడకు పుట్టీ పూసిన మాదిరి ప్రతిదానికీ పూస్తావు? పూత తీసేసి చెప్పు." నేను పూత తీసేసి చెప్పలేకపోయేదాన్ని. ఆఖరికి, "సరేనండీ" అనేదాన్ని.

ఏ గదిలోకి అడుగుపెట్టినా ఆవిడ ముందు కిటికీకి వీపు తిప్పేవారు. ముడి పైకెత్తి పట్టుకుని, మెడ వెనక భాగం గాలికి అప్పజెప్పి, కళ్ళు మూసుకుని నిలబడేవారు. కొత్తవాళ్ళు చూస్తే ఆవిడకి మెడ పట్టేసిందనుకునేవాళ్ళు. "కాత్తు యాడ్నుంచి వస్తాదో కంటికి తెలీదు, మెడకు తెలుస్తాది" అనేవారు. కాత్తు అంటే గాలి. ఈ అలవాటు సైటుతో ఆగేది కాదు. పెళ్ళికెళ్తే వేదిక మీద పెళ్ళికొడుకుని, "తంబీ, కుర్చీ రోంత ఇట్ల జరుపుకో, ఫోటోలో చెమట పడకుండా ఉంటాది" అని జరిపించిన మనిషి. ఆ పిల్లాడు జరిగాడు కూడా.

ఇక చాప. కోరగడ్డితో అల్లిన చాప ఒకటి ఎప్పుడూ ఆవిడ చంకలో ఉండేది. ఏ భవనమైనా గోడలు లేచి శ్లాబు పడి, తలుపులు ఇంకా పెట్టకముందు, ఆవిడ టిఫిను క్యారియరూ చాపా పట్టుకుని ఒక్కో ఇంట్లోకీ వెళ్ళేవారు. పెరుగన్నం, దబ్బకాయ ఊరగాయ. "ఖాళీ కడుపుతో పండుకుంటే తూక్కం రాదు. అది ఇంటి తప్పు గాదు గదా" అని నాకూ రెండు ముద్దలు పెట్టేవారు. తర్వాత ఇటుక మీద తుండు మడిచి తలకింద పెట్టుకుని పడుకునేవారు. కింద రాళ్ళు కోసే మిషను ఆగిపోయేది. మేస్త్రీలు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచేవాళ్ళు. ఆవిడ కోపానికి ఎవరూ జంకేవాళ్ళు కాదు, ఆవిడ నిద్రంటే మాత్రం అందరికీ హడలే. ఎందుకంటే లేచాక కాసేపు శ్లాబు వైపు చూసి, మూతి తుడుచుకుని, ఒకే మాట అనేవారు. పాస్ అంటే చాప పక్కనే గోడ మీద సుద్దతో ఒక గీత గీసేవారు. ఫెయిల్ అంటే ఆ గోడకి ఆయుష్షు తీరినట్టే. కిటికీ జరిగేది, లేదా పైన ఎండకి అడ్డంగా ఇంకో చిన్న శ్లాబు మొలిచేది.

నా కంప్యూటర్ బొమ్మల్ని ఆవిడ ఎప్పుడూ ఎగతాళి చేయలేదు. వేడి ఎర్రగా, చల్లదనం నీలంగా కనపడే ఆ బొమ్మల్ని గోడకి అంటించుకుని, తన చాప ఎక్కడ పరచాలో వాటిని చూసే నిర్ణయించుకునేవారు. "ముందు నువ్వు కంప్యూటర్లో పండుకో, తర్వాత నేను నేల మీద పండుకుంటా. ఇద్దురికీ తూక్కం వస్తే ఇల్లు కట్టొచ్చు."

ఈ భవనం బిల్డరు కూడా వాళ్ళ బంధువర్గం మనిషే. చొక్కా, పంచె, ఫోను కవరు, అన్నీ తెలుపే. ఆయనకొక కోరిక ఉండేది. మెయిన్ రోడ్డు వైపు, అంటే పడమటి వైపు, పై నుంచి కింది దాకా అద్దం. చెన్నైలో ఎక్కడో చూసొచ్చాడు.

"అక్కా, లగ్జరీ అని బోర్డు పెట్టినాం. లగ్జరీ అంటే అద్దం ఉండాల గదా?"

"లగ్జరీ అంటే ఏంది తంబీ? మే నెల మధ్యానం దుప్పటి యాడ అని ఎతుక్కునేది."

"దుప్పటి రోడ్డు మీదికి కనపడదే!"

అక్క ప్లానులో పడమర వైపంతా మెట్లు, స్నానాల గదులు, బట్టల బీరువాలు. వాటి ముందు సందుల ఇటుకల గోడ. సాయంత్రం ఎండ అక్కడే ఆగిపోవాలి, మనుషుల దాకా రాకూడదు. నేను రెండు రకాల ఎర్ర, నీలం బొమ్మలూ తీసి బిల్డరు ముందు పరిచాను. ఆయన ఎర్ర బొమ్మనే మెచ్చుకున్నాడు. రంగు బాగుందట.

చివరికి అక్క ఒక పని చేశారు. కత్తిరి ఎండలు మండిపోతున్న రోజున బిల్డరునీ ఆయన భార్యనీ రెండో అంతస్తుకి భోజనానికి పిలిచారు. పడమటి వైపు ఒక గదికి అద్దం పెట్టించారు. ఇంకో గది తన ప్లాను ప్రకారం వదిలేశారు. సాంబారు, వడ, పాయసం, తమలపాకులు. తర్వాత రెండు గదుల్లోనూ చాపలు.

"ఏ రూము కావాలో నువ్వే చూసుకో తంబీ. నేను ఒక్క మాట చెప్పను."

ఆయన పంతానికి అద్దం గదిలోకే వెళ్ళాడు. కాసేపటికి చొక్కా వీపుకి అతుక్కుని, తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఇంకాసేపటికి మేమున్న రెండో గది గుమ్మంలో. మరి కాసేపటికి అక్క పక్క చాప మీద గురక. నేను గెలిచామనుకున్నాను. ఆయన లేచి, ఆవులించి, "సరి, అద్దం గదికి ఏసీ పెద్దది పెడితే సరిపోతాది" అన్నాడు. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

అప్పటిదాకా తమలపాకులు నములుతూ కూర్చున్న ఆయన భార్య ఆ అద్దం దగ్గరికి నడిచింది. సముద్రపు ఉప్పుగాలికి వారంలోనే దాని మీద మబ్బులాంటి పొర కట్టింది. చూపుడువేలితో ఒక గీత గీసి, ఆ వేలు మొగుడి మొహం ముందు పెట్టింది.

"దీన్ని ఐదో మాడీ దాకా ఎవరు తుడిచేది? నువ్వా?"

అద్దం కథ అక్కడితో ముగిసింది. కారు వెళ్ళిపోయాక అక్క చాప చుట్టుకుంటూ పొట్ట పట్టుకుని నవ్వారు. "చూస్తివా యానాం పిల్లా! నీ కంప్యూటరు ఓడిపాయె, నా తూక్కం ఓడిపాయె. ఆ యమ్మ తుడిచే గుడ్డ గెలిచింది. పోదుం, ఎవరు గెలిస్తే ఏం, గోడ నిలిచింది." ఆ తర్వాత ప్రతి కొత్త ప్లానులోనూ, "తుడిచేవాళ్ళెవరు?" అన్నది ఆవిడ మొదటి ప్రశ్న అయింది.

భవనం పూర్తయ్యాక మూడో అంతస్తులో ఒక ఇల్లు మాకు అద్దెకి దొరికింది. ఇంటావిడ ఫ్రాన్సులో ఉంటారు. ఇంటిని కాస్త ప్రేమగా చూసుకునేవాళ్ళు కావాలని అడిగితే అక్క మా పేరు చెప్పారు. సెప్టెంబరులో చేరాం. అప్పటికే సగం ఇళ్ళు నిండాయి. గాలిబాయి ఎంత బాగా పనిచేసిందంటే, పగలు ఫ్యాను లేకుండా కూడా కర్టెన్లు ఊగేవి. అక్క అన్ని అంతస్తుల్లోనూ పడుకుని అన్నిటికీ పాస్ వేశారు. నేను కడుపుతో ఉన్నానని అప్పుడే తెలిసింది. ఇంతకన్నా శుభం ఏముంటుందనుకున్నాను.

అది పెరటాసి నెల. ఇక్కడ పెరటాసిలో పెరుమాళ్ళకి మొక్కుకుని చాలామంది నీచు ముట్టరు. అక్క ముట్టరు, బిల్డరు ముట్టడు, మేస్త్రీలు ముట్టరు, చేరిన కుటుంబాలూ దాదాపు అంతే. నెలంతా భవనంలో ఒక్క చేపముక్క ఉడకలేదు. ఆ సంగతి మా ఎవ్వరికీ తట్టలేదు.

పెరటాసి వెళ్ళిన మొదటి ఆదివారం ఊరంతా చేపల మార్కెట్లోనే ఉంది. పదకొండు గంటల వేళ కింది అంతస్తులో వంజరం వేపుడు మొదలైంది. పైన ఎవరో నెత్తళ్ళు. మా కింది ఇంట్లో ఉండే అసోసియేషన్ సెక్రటరీగారు ఎండుచేపల పులుసు పెట్టారు. వంటగదుల కిటికీలూ ఆ బావిలోకే తెరుచుకునేవి మరి. అన్ని వాసనలూ కలిసి బావిలోంచి పైకి లేచి, ఒక్కో ఇంటి పడకగదినీ పలకరించుకుంటూ ఐదో అంతస్తుకి చేరాయి. అక్కడుండేది గోరిమేడు వైపు ఆసుపత్రిలో చాలాకాలం పనిచేసి రిటైరైన డాక్టరమ్మ. గుంటూరావిడ. కోడిగుడ్డు కూడా తెలియని ఇల్లు. ఇటు మూడో అంతస్తులో నేను, పులస పేరు చెబితే లేచి కూర్చునే యానాం దాన్ని, బేసిన్ వదిలి బయటికి రాలేకపోయాను.

సాయంత్రానికి అందరూ కింద చేరారు. డాక్టరమ్మ గొంతు అన్నిటికన్నా పైన వినపడింది. "దేవుడి గదిలో ఎండుచేపల వాసనేంటండీ? ఇది లగ్జరీనా? రేపే ఆ కంతకి పైన రేకు కొట్టించండి, లేదా నేను ఇల్లు అమ్ముకుని పోతాను!" సెక్రటరీగారు, "నా ఇంట్లో నా పులుసు నేను పెట్టుకోకూడదా మేడం?" అన్నారు తమిళంలో. నాకు కడుపులో తిప్పుతూనే ఉంది. అయినా, బావి మూసేయండి అనే మాట నా నోటికి రాలేదు. వేసవిలో పుట్టబోయే బిడ్డ కళ్ళ ముందు కనపడింది.

అక్క ఆటోలో వచ్చారు. చాప చంకలోనే ఉంది. అందరి మధ్యా నిలబడి తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పారు.

"తప్పు నాదే. పెరటాసిలో పండుకొని పాస్ వేసినా. పెరుమాళ్ళు నన్ను మోసం చేసె."

మొదట నవ్వింది సెక్రటరీగారు. డాక్టరమ్మ నవ్వలేదు గానీ కుర్చీలో కూర్చున్నారు. అక్క ఒక్క ఆదివారం గడువు అడిగారు.

ఆ ఆదివారం నేను చూసిన తమాషా జన్మలో మరిచిపోలేను. సెక్రటరీగారి ఇంట్లో ఎండుచేపలు వేయించమని పురమాయించి, అక్క ఐదో అంతస్తుకెక్కి, డాక్టరమ్మ పడకగదిలో చాప పరిచారు. వాసన ఏ దారిన వస్తోందో కనిపెట్టడం పని. డాక్టరమ్మ ముక్కుకి చీరకొంగు అడ్డం పెట్టుకుని మంచం అంచున కూర్చున్నారు. నేను గుమ్మం దగ్గర. చాలాసేపు గడిచింది.

"ఏమండీ, వాసన ఎటునుంచి వస్తోంది?" అన్నారు డాక్టరమ్మ.

అక్క నిద్రపోయారు.

లేపితే కళ్ళు నులుముకుని, సిగ్గుపడకుండా, "కాత్తు అంత బాగుండాది డాక్టరమ్మా. ఇంగొకతూరి వేయించమనండి" అన్నారు. డాక్టరమ్మ కొంగు తీసేసి పకపకా నవ్వారు. "మీకు ఇన్సోమ్నియా వాళ్ళని అప్పజెప్పాల్సింది నేను, ఇన్నాళ్ళూ మందులిచ్చాను!"

రెండోసారి మేలుకునే ఉన్నారు. వంటగదుల కిటికీలే అసలు దొంగలని తేలింది. వాటిని ఇటుకలతో మూసేసి, ఒక్కో వంటింటికీ వేరే పొగగొట్టం వేసి మిద్దె పైదాకా తీసుకెళ్ళారు. బిల్డరు మూలిగాడు, అయినా వేయించాడు. హాలు కిటికీలూ పడకగదుల కిటికీలూ అలాగే ఉన్నాయి. బావి బతికింది. ఆ పైన ఆదివారాల్లో ఎవరింట్లో ఏ చేపో కనుక్కోవడం కష్టమైపోయిందని సెక్రటరీగారు మాత్రం కాస్త బాధపడ్డారు.

బాబు ఏప్రిల్లోనే తొందరపడి వచ్చేశాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక నేను మనిషిని కాను. గదిలో ఒక థర్మామీటరు, వాడి చంకలో ఒకటి. కిటికీ తెరిస్తే జలుబు చేస్తుందని, మూస్తే ఉడుకుతుందని, తెరిచీ మూసీ తెరిచీ. అమ్మ వచ్చి ఉన్నా వాడిని ఆవిడ చేతికివ్వడానికి కూడా భయమే. అలా ఎన్నాళ్ళు సరిగ్గా నిద్రలేకుండా ఉన్నానో నాకే తెలియదు. అన్నం కలుపుకుని మధ్యలో మరిచిపోయేదాన్ని.

అక్క ఒక మధ్యాహ్నం వచ్చారు. బిడ్డని చూడ్డానికి వచ్చినవాళ్ళు గౌను తెస్తారు, గిలక తెస్తారు. ఆవిడ చాప తెచ్చారు. గుమ్మంలో నిలబడి నా మొహం చూసి బిడ్డ ఎలా ఉన్నాడని కూడా అడగలేదు.

"తిన్నావా?"

"తిన్నానండీ."

"అబద్ధం. అమ్మా, దీనికి అన్నం పెట్టండి" అని మా అమ్మకి పురమాయించి, ఉయ్యాల దగ్గరికి వెళ్ళి, కిటికీకి వీపు తిప్పి, ముడి ఎత్తి పట్టుకున్నారు. తర్వాత ఉయ్యాలని జానెడు పక్కకి జరిపారు. అంతే. నా థర్మామీటర్లు రెండూ తీసుకుని తన బ్యాగులో వేసుకున్నారు.

"అక్కా, అది లేకపోతే ఎలాగండీ? వాడికి వేడెక్కితే?"

"నేనుండా గదా."

"ఊపిరి ఒక్కోసారి ఆగినట్టు ఉంటుందండీ. చూస్తూ ఉండాలండీ."

ఆవిడ చాప పరిచారు. తన తుండు మడిచి తలగడ చేశారు. "చూసేది నేను చూస్తా. నువ్వు పండుకో. ఇన్ని ఇండ్లలో నేను పండుకొని చూసినా, ఈ ఇంటికి నువ్వు పండుకొని చెప్పాల. నీ ఇల్లు గదా, నేను వేసిన పాస్ చెల్లదు."

"నాకు రాదండీ నిద్ర."

"రాకపోతే ఫెయిల్. గోడ పగలగొట్టిస్తా. పండుకో."

నేను పడుకున్నాను. ఒక్క నిమిషం ఆవిడ మాట కాదనలేక, అంతే అనుకున్నాను. పైన చిన్న కిటికీలోంచి గాలి పైకి పోవడం వినపడింది, ఎవరో దూరంగా ఊపిరి వదిలినట్టు. లేచేసరికి గదిలో ఎండ రంగు మారిపోయి ఉంది. లేచి చూస్తే ఉయ్యాలలో వాడు నోరు తెరుచుకుని నిద్ర. ఉయ్యాల పక్కన గోడకి ఆనుకుని, ఒక చెయ్యి వాడి పొట్ట మీద పెట్టుకుని, అక్క కూడా నిద్ర. చూస్తానన్న మనిషి! కానీ వాడి పొట్ట లేస్తుంటే ఆ చెయ్యి లేస్తోంది, పొట్ట దిగుతుంటే చెయ్యి దిగుతోంది. నేను ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను. వాడు పుట్టాక నాకు భయం లేకుండా గడిచిన మొదటి సాయంత్రం అది.

ఆవిడ లేచి నా వైపు చూశారు. "ఏంది రిజల్టు?"

"పాసండీ" అన్నాను.

"ఆ అండి లేకుండా చెప్పు."

"పాస్."

థర్మామీటర్లు వెనక్కి ఇవ్వకుండానే వెళ్ళిపోయారు.

మార్గళిలో, పొద్దున్నే ముగ్గులేసే వేళకి పోయారని ఫోనొచ్చింది. గుండె జబ్బట. ఉన్నట్టు ఆవిడ ఎవరికీ చెప్పలేదు. కదిర్కామంలో వాళ్ళ ఇంటికి వెళ్తే, మనుషులు నిండిపోయి గదిలో ఉక్కగా ఉంది. పడుకోబెట్టిన చోట గాలి రావడం లేదని నాకనిపించింది. ఎవరికి చెప్పను? అంతలో బిల్డరు ముందుకొచ్చి, "అందరూ రోంత తప్పుకోండి, ఆ తూర్పు కిటికీ తెరవండి" అన్నాడు. తెల్ల చొక్కా నలిగిపోయి ఉంది. కిటికీ తెరిచారు. నేను ఏడ్చింది అప్పుడు.

ఇవాళ సాయంత్రం మీటింగుకి నేను చాలా తయారై వెళ్ళాను. రేకు వేస్తే ఇళ్ళు ఎలా ఉంటాయో, వేయకపోతే ఎలా ఉంటాయో ఎర్ర, నీలం బొమ్మలు ప్రింటు తీసుకున్నాను. చంకలో బాబు, చేతిలో కాయితాలు. సెక్రటరీగారు పావురాల గురించి మొదలుపెట్టి, మధ్యలో ఆగి, "మధ్యాహ్నం కరెంటు పోయినందుకు ఎలక్ట్రిసిటీ వాళ్ళకి కంప్లెయింటు ఇవ్వాలి, మన జనరేటరు కూడా మొండికేసింది. ఎన్నింటికి పోయిందో ఎవరైనా చెప్పండి, రాసుకుంటాను" అన్నారు.

అప్పుడే నేను, "కరెంటు పోయిందా? ఎప్పుడండీ?" అన్నది. అందరూ నవ్వారని చెప్పాను కదా. నవ్వాక జవాబు కోసం చూస్తే, చెప్పేవాళ్ళెవరూ లేరు.

రెండో అంతస్తాయన పడుకున్నానన్నారు. నాలుగో అంతస్తావిడ టీవీ పెట్టుకుని పడుకున్నారట, టీవీ ఎప్పుడు ఆగిందో తెలియదట. డాక్టరమ్మ, "నన్నడక్కండి, నేను లేచేసరికి దుప్పటి కప్పుకుని ఉన్నాను" అన్నారు.

"అయితే మీకైనా తెలియాలి కదా సార్, ఎన్నింటికి పోయిందో?" అని ఎవరో సెక్రటరీగారినే అడిగారు.

ఆయన గొంతు సవరించుకున్నారు. "వాచ్‌మన్ చెబితే నాకు తెలిసింది. నేనూ పడుకున్నాను."

డాక్టరమ్మ పైకి, ఆ బావి నోట్లో కనపడుతున్న ఆకాశం వైపు చూశారు. "రేకొద్దండీ. పావురాలకి వల కొట్టించండి. వానకి ఎత్తుమీద చిన్న గొడుగులాంటిది పెట్టించుకుందాం, పక్కలు తెరిచే ఉంచి. ఆ మహాతల్లి ఉంటే మనందరికీ ఇవాళ పాస్ వేసి ఉండేది." సెక్రటరీగారు తలూపి, నోటీసు చింపేశారు. నా కాయితాలు విప్పే అవసరమే రాలేదు. ఎర్ర బొమ్మ బాబు నోట్లో ఉంది.

వాడిప్పుడు నా పక్కన బోర్లా పడి, పిర్రలు పైకెత్తి నిద్రపోతున్నాడు. పైన కిటికీలోంచి గాలి వెళ్తున్న చప్పుడు వినపడుతోంది. రాయడం మొదలుపెట్టినప్పటి నుంచి నేను వాడి ముక్కు కింద వేలు పెట్టలేదన్న సంగతి ఇప్పుడే, ఈ వాక్యం దగ్గర గమనించాను. పెట్టను కూడా. నాకు నిద్రొస్తోంది. లైటు ఆర్పేస్తున్నాను.